పాత కారు ఇంజన్‌లో పొగ తగ్గించే సామాన్లు పీకేస్తే పికప్ పెరుగుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కారు పాతికేళ్లు దాటిన కార్బొరేటర్ పెట్రోల్ బండి. ఐడ్లింగ్ (బండి ఆగి ఉండగా యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరగడం) నిలకడగా లేదు, పికప్ పడిపోయింది, పెట్రోల్ ఎక్కువ తాగుతోంది. మీ మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, ఈజీఆర్ వాల్వ్ (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌కి పంపేది), ఎయిర్ పంప్ (పొగ పోయే దారిలోకి గాలి పంపేది), బొగ్గు డబ్బా (పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచేది), వాటికి వెళ్లే సన్న పైపులు అన్నీ తీసేసి రంధ్రాలు మూసేద్దామని, కేటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) బదులు మామూలు పైపు వేద్దామని, అప్పుడు ఇంజన్‌కి ఊపిరి ఆడుతుందని అన్నారు. చేయించాలా వద్దా అని అడిగారు.

వద్దండీ. పాత కార్లు చాలాకాలంగా నడుపుతున్నాను, వీలైనంత పని నా చేతులతోనే చేసుకుంటాను. ఇలా అన్నీ పీకేసిన బండిని తిరిగి దారికి తెచ్చిన అనుభవం కూడా ఉంది. మీరు చెప్పిన మూడు లక్షణాలూ సాధారణంగా వచ్చేది ఆ సామాన్లు ఉన్నందుకు కాదు, వాటిలో ఒకటో రెండో చెడిపోయినందుకు. ఆ ఒకటి ఏదో పట్టుకుంటే బండి బాగుపడుతుంది. అన్నీ పీకేస్తే అసలు జబ్బు అలాగే ఉండి, కొత్తవి నాలుగు వస్తాయి.

మా బావ కొన్న పాత కారు సంగతి చెబుతాను. అంతకుముందున్న ఓనర్ ఈజీఆర్ తీయించి, రేకు ముక్క పెట్టి మూసేశారు. వాక్యూమ్ పైపుల (ఇంజన్ పీల్చే లాగుడుని ఈ సామాన్లకి అందించే సన్న పైపులు) మూతుల్లో స్క్రూలు బిగించి వదిలేశారు. థర్డ్ గేర్‌లో ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ లోపల గోళీలు దొర్లుతున్నట్టు చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు, అంటే నాకింగ్, తగ్గడానికి ఎవరో టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టే సమయం) వెనక్కి తిప్పారు. నాకింగ్ తగ్గింది గానీ పికప్ పోయింది, ఇంజన్ వేడెక్కడం మొదలైంది, మైలేజ్ ఇంకా పడిపోయింది. ఎక్కడ తేడా వచ్చిందో ఎవరికీ అర్థం కాక కార్బొరేటర్ జెట్లు (పెట్రోల్ ఎంత పోవాలో నిర్ణయించే సన్న రంధ్రాల ముక్కలు) కూడా మార్చారు. మా దగ్గరికి వచ్చేసరికి ఆ ఇంజన్‌లో కంపెనీ సెట్టింగ్ అన్నది ఒక్కటీ మిగల్లేదు.

ఎందుకలా అయిందంటే, ఈజీఆర్ పని గురించి చాలామందికి ఉన్న అభిప్రాయం తప్పు. మసి గాలిని మళ్లీ ఇంజన్‌కి తాగిస్తుంది కాబట్టి శక్తి తగ్గిస్తుంది అనుకుంటారు. ఒకసారి కాలిపోయిన గాలి మళ్లీ కాలదు. దాన్ని కొంచెం, అంటే సుమారు 5 నుంచి 15 శాతం, కొత్త మిశ్రమంలో కలిపితే సిలిండర్‌లో మంట వేడి తగ్గుతుంది. ఆ వేడి దాదాపు 1,370 డిగ్రీల సెల్సియస్ దాటితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువగా తయారవుతాయి. అది ఆపడానికే ఈజీఆర్ పెట్టారు. అయితే వేడి తగ్గినప్పుడు నాకింగ్ కూడా తగ్గుతుంది కాబట్టి, మామూలు స్పీడులో టైమింగ్ కాస్త ముందుకు ఉండేలా కంపెనీ వాళ్లు సెట్ చేశారు. ఈజీఆర్ తీసేసి టైమింగ్ అలాగే ఉంచితే కొట్టుకోక ఏం చేస్తుంది? ఇంకో ముఖ్యమైన విషయం, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఆ వాల్వ్ మూసుకునే ఉంటుంది. ఐడ్లింగ్‌లోనూ మూసుకునే ఉంటుంది. అంటే మీకు పికప్ కావాల్సిన క్షణంలో అది అడ్డు రావడమే లేదు. తీసేస్తే పెరిగేదేమిటి?

మా బావ కారుకి అదే మోడల్ పాత బండి నుంచి ఈజీఆర్ వాల్వ్ సంపాదించాం. మానిఫోల్డ్‌లో దాని దారి మసితో పూర్తిగా గట్టిపడిపోయి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకుతుంటే నల్లటి పెచ్చులు ఊడిపడ్డాయి. అవి ఇంజన్‌లోకి జారకుండా గుడ్డ కుక్కి, వాక్యూమ్ క్లీనర్ పెట్టి లాగుతూ చేశాం. పైపులన్నీ కొత్తవి వేసి, బానెట్ కింద స్టిక్కర్ మీద ఉన్న బొమ్మ ప్రకారం కలిపి, టైమింగ్ ఆ స్టిక్కర్ మీద రాసిన అంకెకి తెచ్చాం. జెట్లు అసలు సైజువి పెట్టాం. నాకింగ్ పోయింది, ఇంజన్ వేడి మామూలుకి వచ్చింది, అదే ఎత్తు మళ్లీ థర్డ్ గేర్‌లో ఎక్కింది.

ఈ సామాన్లు ఇంజన్ గొంతు నొక్కేస్తాయన్న మాట ఊరికే పుట్టలేదు, దానికో చరిత్ర ఉంది. 1970ల్లో అమెరికా కార్ల హార్స్‌పవర్ ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపించింది. అందులో నిజం కొంత ఉంది. సీసం లేని పెట్రోల్ కోసం కంప్రెషన్ తగ్గించారు, టైమింగ్ వెనక్కి పెట్టారు, 1975 మోడళ్ల నుంచి వచ్చిన కేటలిటిక్ కన్వర్టర్లలో కొన్ని చిన్న గుళికలు నింపిన రకం, వాటిలోంచి గాలి సులువుగా పోయేది కాదు. కానీ అదే కాలంలో, 1972 ప్రాంతంలో, హార్స్‌పవర్ కొలిచే పద్ధతే మారింది. అంతకుముందు సైలెన్సర్, ఫ్యాన్ లాంటివేవీ లేకుండా ఉత్త ఇంజన్‌ని కొలిచేవారు, ఆ తర్వాత అన్నీ తగిలించి కొలిచారు. అదే ఇంజన్‌కి కాగితం మీద అంకె తగ్గింది. ఆ నింద మొత్తం పొగ తగ్గించే సామాన్ల మీద పడింది, ఇప్పటికీ గ్యారేజీల్లో అదే మాట నడుస్తోంది. తేనెపట్టు గదుల్లా ఉండే ఆ తర్వాతి కన్వర్టర్ శుభ్రంగా ఉన్నంతకాలం మామూలు డ్రైవింగ్‌లో అది ఉన్నా లేకున్నా మీకు తేడా తెలియదు.

పీసీవీ వాల్వ్ (ఇంజన్ అడుగున చేరే ఆవిర్లని బయటికి లాగేది) గురించి గట్టిగా చెబుతున్నాను, దాన్ని మాత్రం ఎవరు చెప్పినా ముట్టుకోనివ్వకండి. పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత గాలి ఎప్పుడూ కిందకి, ఆయిల్ ఉండే చోటుకి జారుతూనే ఉంటుంది. అందులో కాలని పెట్రోల్ ఆవిరి, నీటి ఆవిరి, యాసిడ్ ఉంటాయి. పీసీవీ వాటిని లాగి మళ్లీ సిలిండర్‌లో కాల్పిస్తుంది. కాలుష్యం తగ్గించడానికి కార్లలో పెట్టిన మొదటి సామాను ఇదే, 1960ల మొదట్లో కాలిఫోర్నియా కార్లలో మొదలైంది. ఇది ఇంజన్ ఆయుష్షు పెంచే సామాను కూడా. మూసేస్తే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర ఆయిల్ కారుతుంది, ఆయిల్ చిక్కబడి జిగురులా తయారవుతుంది. కొత్త వాల్వ్ చాలా చవకైన భాగం, మార్చడం నిమిషాల పని. ఐడ్లింగ్‌లో వాల్వ్‌ని కవర్ నుంచి లాగి వేలు అడ్డం పెడితే అది వేలిని గట్టిగా లాగాలి, బయటికి తీసి ఊపితే చాలా వాల్వులు లోపల టకటకలాడతాయి. లాగకపోతే పైపు గానీ వాల్వ్ గానీ పూడుకుపోయినట్టు.

బొగ్గు డబ్బా ఇంజన్ శక్తిలో ఏమీ తగ్గించదు. ట్యాంకు, కార్బొరేటర్ నుంచి లేచే పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచి, బండి నడిచేటప్పుడు ఇంజన్‌కి పంపుతుంది. తీసేస్తే ఆ ఆవిరి బానెట్ కిందే తిరుగుతుంది. వేడి ఇంజన్ పక్కన పెట్రోల్ ఆవిరి ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. మూసిన షెడ్డులో బండి పెట్టేవాళ్లు ఇంకా ఆలోచించాలి. పైగా ఆ పైపుని ఊరికే బిగించి మూసేస్తే ట్యాంకుకి గాలి ఆడే దారి పోయి, కొన్ని బండ్లలో కాసేపు నడిచాక పెట్రోల్ రావడం ఆగిపోతుంది. మీకు ట్యాంకు పూర్తిగా, మూత దాకా నింపించే అలవాటుంటే మానేయండి. బొగ్గు పెట్రోల్‌తో తడిసి పాడవడానికి అదొక పెద్ద కారణం, తడిసిన డబ్బా ఇంజన్‌కి ఎక్కువ పెట్రోల్ పంపి ఐడ్లింగ్ చెడగొడుతుంది.

ఎయిర్ పంప్ విషయంలో మాత్రం మీ మెకానిక్ మాటలో కొంచెం పస ఉంది. అది బెల్టు మీద తిరుగుతుంది కాబట్టి కాస్త శక్తి తింటుంది. కానీ ఆ కాస్త మీరు సీట్లో కూర్చుని పసిగట్టగలిగేది కాదు. అది పంపే గాలితోనే మీ కన్వర్టర్ మిగిలిన పెట్రోల్ ఆవిరినీ కార్బన్ మోనాక్సైడ్‌నీ కాలుస్తుంది, ముఖ్యంగా పాత రకం కన్వర్టర్లలో. బేరింగ్ అరిచినా, స్పీడు తగ్గించినప్పుడు సైలెన్సర్‌లో టపటపా పేలుళ్లు వచ్చినా పంప్, దాని డైవర్టర్ వాల్వ్ (స్పీడు తగ్గించినప్పుడు పంప్ గాలిని పక్కకి మళ్లించేది), చెక్ వాల్వ్ చూడాలి. చెక్ వాల్వ్‌లో ఒక వైపు నుంచి మాత్రమే ఊదగలగాలి. రెండు వైపులా పోతే వేడి పొగ వెనక్కి వచ్చి రబ్బరు పైపుని కాల్చేస్తుంది.

ఇక మీ బండి. నేనైతే మొదట ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, ఎయిర్ ఫిల్టర్ చూసి, వెంటనే వాక్యూమ్ పైపుల మీద పడతాను. పాత బండ్లలో ఐడ్లింగ్ పోవడానికి నాకు ఎక్కువగా కనిపించిన కారణం అవే. నా కారులోనే ఒకసారి కార్బొరేటర్ వెనక, పైనుంచి చూస్తే కనబడని చోట, ఒక చిన్న టీ జాయింట్ పగిలి ఉంది. చెవి దగ్గర ఒక రబ్బరు గొట్టం పెట్టుకుని రెండో కొసని పైపుల వెంట జరుపుతూ పోతే, ఆ చోట స్స్ అన్న శబ్దం స్పష్టంగా వినబడింది. ఫ్యాన్‌కీ బెల్టుకీ చేతులు దూరంగా ఉంచి చేయండి. కార్బ్ క్లీనర్ కొట్టి చూసే పద్ధతి కూడా కొందరు చెబుతారు, వేడి ఇంజన్ మీద మండే ద్రవం కొట్టడం నాకు నచ్చదు. పైపులన్నీ ఒకేసారి ఊడదీయకండి. ఒకటి తీసి, అదే సైజు కొత్తది కోసి, పెట్టాకే తర్వాతది. ముందు ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి.

తర్వాత ఈజీఆర్. ఇంజన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో, చేతి వాక్యూమ్ పంపుతో దాని డయాఫ్రమ్‌కి వాక్యూమ్ ఇవ్వండి. ఇంజన్ తడబడాలి, లేదా ఆగిపోవాలి. డయాఫ్రమ్ కదిలినా ఇంజన్‌లో మార్పే లేకపోతే దారి పూడుకుపోయింది. వాక్యూమ్ నిలబడకపోతే డయాఫ్రమ్ చిరిగింది. కొన్ని వాల్వులు సైలెన్సర్ వైపు ఒత్తిడి ఉంటేనే వాక్యూమ్ పట్టి ఉంచుతాయి, మీది ఆ రకమేమో మాన్యువల్‌లో చూసుకోండి. ఈజీఆర్‌కి వచ్చే వాక్యూమ్ పైపు ఊడదీయగానే ఐడ్లింగ్ బాగుపడితే, రాకూడని సమయంలో దానికి వాక్యూమ్ వస్తోందన్నమాట, ఎవరో పైపులు తారుమారు చేసి ఉంటారు. ఊడదీసినా గతుకుతూనే ఉంటే వాల్వ్ మసి పట్టి సగం తెరుచుకుని ఇరుక్కుందేమో విప్పి చూడాలి. ఎయిర్ ఫిల్టర్ మూతి దగ్గర వేడి గాలి, చల్ల గాలి మార్చే ఒక రేకు తలుపు ఉంటుంది, అది వేడి వైపే ఇరుక్కుంటే పికప్ తగ్గుతుంది. దాన్ని చాలామంది చూడనే చూడరు.

కన్వర్టర్ మూసుకుపోయిందన్న అనుమానం ఉంటే ఊహ మీద కోయించకండి, కొలిపించండి. ఆక్సిజన్ సెన్సర్ ఉంటే అది విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగిస్తారు. ఐడ్లింగ్‌లో ఒకటిన్నర పీఎస్ఐ లోపు, 2,500 ఆర్‌పీఎం దగ్గర 3 పీఎస్ఐ లోపు ఉంటే కన్వర్టర్ అడ్డం లేదు. సెన్సర్ లేని బండి అయితే ఇన్‌టేక్‌కి వాక్యూమ్ గేజ్ పెట్టి 2,500 దగ్గర పట్టి ఉంచండి. ముల్లు నిలబడకుండా మెల్లగా దిగిపోతూ ఉంటే పొగ పోయే దారి మూసుకుంది. ఒకవేళ నిజంగానే మూసుకుపోయినా, లోపలి భాగం పగలగొట్టి ఖాళీ డబ్బా బిగించే పని ఒప్పుకోకండి. కన్వర్టర్ దానంతట అది కరగదు. మిస్ ఫైర్ అవుతున్న సిలిండర్ నుంచో, ఎక్కువ పెట్రోల్ పోసే కార్బొరేటర్ నుంచో కాలని పెట్రోల్ వచ్చి అందులో మండి కరిగిస్తుంది. ముందు అది సరిచేసి, తర్వాత సరైన సైజు కొత్తది వేయించండి. ఖాళీ డబ్బాతో తిరిగితే వెనక పైపులో ఎక్కడ చిన్న చిల్లు పడినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎక్కువ మోతాదులో క్యాబిన్‌లోకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారనుకుంటామే తప్ప ఏం జరుగుతోందో మనకి తెలియదు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. చాలా దేశాల్లో ఈ సామాన్లు తీసేయడం నేరం, పొగ పరీక్షలో బండి ఫెయిల్ అవుతుంది. చట్టం అడ్డు లేకపోయినా నా జవాబు మారదు. ట్రాక్ మీద మాత్రమే తిప్పే రేసు బండి, అందుకోసం మొదటి నుంచీ కట్టిన ఇంజన్ అయితే లెక్క వేరు, మీది రోజూ రోడ్డు మీద తిరిగే బండి.

మెకానిక్‌తో గొడవ అక్కర్లేదు. "పీకే ముందు ఏది చెడిందో చూద్దాం, వాక్యూమ్ గేజ్ పెట్టండి" అని అడగండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఐడ్లింగ్‌లో, సముద్ర మట్టం దగ్గర, సుమారు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) మధ్య చూపిస్తుంది, ముల్లు కదలకుండా ఉంటుంది. ఎత్తైన చోట ఉంటే కొంత తక్కువ వస్తుంది. పైపులు మార్చాక మీ ముల్లు ఎక్కడుందో, వణుకుతోందో నిలబడిందో ఇక్కడ రాయండి. దాన్ని బట్టి కార్బొరేటర్ విప్పాలా, వాల్వ్ క్లియరెన్స్ చూడాలా అన్నది చెప్పొచ్చు.