నీళ్లు సమం, చుట్టూ రోడ్డు కాదు
సైకిల్ యాత్రలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కొండల నడుమ ఉన్న జలాశయం చుట్టూ 62 కిలోమీటర్ల రోడ్డు. ఒడ్డు వెంటే పోతుంది కదా, ఎత్తుపల్లాలు ఉండవని ఒక్క పూటలో ముగిద్దామనుకున్నాం. చీకటి పడ్డాక గానీ తిరిగి చేరలేదు. లెక్క ఎక్కడ తప్పింది?

జవాబు: కిలోమీటర్లు లెక్కపెట్టారు, ఎక్కుడు లెక్కపెట్టలేదు. లోయకు అడ్డంగా ఆనకట్ట కడితే నీళ్లు పక్కన కలిసే ప్రతి వాగు లోయలోకీ చొచ్చుకుపోతాయి. రెండు వాగుల మధ్య మిగిలిన కొండ ముక్కులా నీళ్లలోకి పొడుచుకొస్తుంది. రోడ్డు ఆ ముక్కు మీదికి ఎక్కాలి, వాగు మీది వంతెన దాకా దిగాలి, మళ్లీ ఎక్కాలి. ముక్కుకు 35 మీటర్ల చొప్పున 24 ముక్కులుంటే 840 మీటర్ల ఎక్కుడు. బయల్దేరిన చోటికే చేరతారు కాబట్టి అది కంటికి ఆనదు, కాళ్లకు మాత్రం తెలుస్తుంది.

సమయం ఇలా కట్టండి. మనిషి, సైకిల్, సామాను కలిపి 100 కిలోలు అనుకుందాం. ఆ బరువును ఒక మీటరు పైకి లేపడానికి 981 జౌళ్ల పని కావాలి. గంటల తరబడి నిలకడగా తొక్కే మనిషి 110 వాట్లు పెట్టగలడనుకుంటే మీటరుకు 9 సెకన్లు, అంటే గంటకు 400 మీటర్లు. 840 మీటర్లకు రెండు గంటల పైమాటే. దానికి 62 కిలోమీటర్లను గంటకు 16 చొప్పున కలిపితే ఇంకో నాలుగు గంటలు. మొత్తం ఆరు. ఇందులో ఎక్కే దూరం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది, నిజమే. కానీ ఆ మిగులు మలుపుల దగ్గర వేసే బ్రేకులకే పోతుంది, దిగుడులో సంపాదించిన వేగం వంతెన దగ్గరే ఆగిపోతుంది కాబట్టి. తిండికి, ఫొటోలకు వేరే సమయం చూసుకోండి.

ఎక్కుడు తెలుసుకోవడానికి యాప్ ఒక్కదాన్నే నమ్మకండి. సొరంగం ఉన్నచోట చాలా యాప్‌లు కొండ నెత్తి ఎత్తు తీసుకుని, లేని 150 మీటర్ల ఎక్కుడును గ్రాఫులో చూపిస్తాయి. ఎత్తైన వంతెన దగ్గర దీనికి తలకిందులు: లోయలోకి దిగి ఎక్కినట్టు చూపిస్తాయి. గ్రాఫులో ఉన్నట్టుండి 25, 30 శాతం వాలు సూదిమొనలా లేస్తే అక్కడ మ్యాప్‌ను దగ్గరగా చూడండి. కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఉన్న మ్యాప్ దొరికితే రోడ్డు పైకి పోతూ ఎన్ని గీతలు దాటుతోందో లెక్కపెట్టి, గీతకూ గీతకూ ఉన్న ఎత్తుతో గుణించండి. అరగంట పని, రోజంతా కాపాడుతుంది.

ప్రశ్న: జలాశయాన్ని ఎటువైపు నుంచి చుట్టాలి? ఎటైనా ఒకటే కదా?

జవాబు: ఒకటి కాదు. నీళ్లు మీరు తొక్కే రోడ్డు అంచువైపే ఉండేలా చుట్టండి. వాహనాలు ఎడమవైపు నడిచే దేశంలో అపసవ్యంగా, కుడివైపు నడిచే దేశంలో సవ్యంగా. నీళ్లు చక్కగా కనబడతాయన్నది చిన్న కారణం. అసలు కారణం కొండ ముక్కు. కొండవైపు పోతుంటే ముక్కు తిరిగే చోట మీరు మలుపు లోపలి అంచున, రాతిగోడకు ఆనుకుని ఉంటారు. వెనకొచ్చే బండికి మీరు ఆఖరి క్షణం దాకా కనబడరు. నీటివైపు ఉంటే అదే మలుపుకు బయటి అంచున ఉంటారు, ముందుగానే కనబడతారు. పైగా రాళ్లు జారిపడేదీ, కాలువ ఉండేదీ కొండవైపే. ఒక్క మినహాయింపు: పిట్టగోడ కూలిపోయి, తారు అంచు కోసుకుపోయిన రోడ్డయితే తిప్పి వెళ్లండి.

ఆనకట్ట మీది రోడ్డుతోనే చుట్టు పూర్తవుతుందనుకుంటే ముందే కనుక్కోండి. చాలాచోట్ల దాని మీదికి జనాన్ని వదలరు, వదిలినా వేళలుంటాయి. 58 కిలోమీటర్లు తొక్కాక గేటు మూసి ఉంటే మిగిలేది వచ్చిన దారే, లేదంటే ఆనకట్ట కింది వంతెన దాకా దిగి అవతల ఎక్కడం.

ఆనకట్ట దిగువన నదీలోయ కూడా కలిపితే గాలి లెక్క చూడాలి. ఎండకు కొండవాలులు వేడెక్కి, గాలి లోయ వెంట పైకి లాగబడుతుంది. ఆకాశం తేటగా ఉన్న రోజున పొద్దెక్కాక మొదలై మధ్యాహ్నం బలపడుతుంది. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి జారుతుంది, తెల్లవారుజామున మెల్లగా దిగువకు వీస్తుంది. కాబట్టి మకాం ఆనకట్ట దగ్గరుంటే హాయి: పొద్దున్నే దిగువకు, మధ్యాహ్నం గాలి వీపున పెట్టుకుని పైకి. మకాం దిగువనుంటే తిరుగు ప్రయాణం దిగుడే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. రెండు శాతం వాలును ఎదురుగాలి మింగేస్తుంది, దిగుతూ కూడా తొక్కాల్సి వస్తుంది.

ప్రశ్న: నా సైకిల్‌కు అతి చిన్న గేరు ముందు 34, వెనక 34 పళ్లు. నాలుగు సంచులతో ఘాట్ రోడ్డుకు చాలదా?

జవాబు: చాలదు. 34కి 34 అంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఒక చుట్టు, దాదాపు 2.15 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు 7.7 కిలోమీటర్లు. 100 కిలోలతో 8 శాతం వాలు మీద ఆ వేగానికి దాదాపు 180 వాట్లు కావాలి. పది నిమిషాలు పెట్టగలరేమో, గంటసేపు కష్టం. పెట్టలేనప్పుడు చుట్లు 40కి పడిపోతాయి, భారమంతా మోకాళ్ల మీద పడుతుంది. ముందు 22, వెనక 34 అయితే అదే 60 చుట్లకు గంటకు 5 కిలోమీటర్లు, 115 వాట్లు. అంతకన్నా నెమ్మదిస్తే సైకిల్ నిలబడడం కష్టం, దిగి తోయడమే మంచిది.

వెనక పెద్ద క్యాసెట్ (పళ్లచక్రాల గుత్తి) వేయిస్తుంటే, చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదాని మీదికి మార్చే డిరైలర్ ఎన్ని పళ్ల దాకా పడుతుందో చూసుకోండి, చైన్ పొడవు కూడా మార్చండి. పాత చైన్ అలాగే ఉంచితే, పొరపాటున ముందూ వెనకా పెద్ద పళ్ల మీద పడ్డ క్షణంలో చైన్ బిగుసుకుని డిరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. సామానులో బరువైనవి ముందు చక్రం పక్కన, కిందుగా కట్టండి. అంతా వెనకే వేస్తే ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది, దిగుడులో హ్యాండిల్ వణుకుతుంది. వణికితే మోకాళ్లతో ఫ్రేమ్ పైగొట్టాన్ని నొక్కిపట్టి మెల్లగా బ్రేకు వేయండి. తెగేది ఎక్కువగా వెనక చక్రానికి చైన్ వైపున్న పుల్లలే (స్పోకులు), ఆ కొలతవి మూడు దగ్గరుంచుకోండి.

ప్రశ్న: ఆనకట్ట నుంచి నది దాకా 400 మీటర్ల దిగుడు. సగంలో కాలిన వాసన, బ్రేకు కీచుమంది, తర్వాత పట్టు తగ్గింది. ప్యాడ్లు కొత్తవే.

జవాబు: ప్యాడ్ల తప్పు కాదు, పట్టి ఉంచడమే తప్పు. 100 కిలోలు 400 మీటర్లు దిగితే వదలాల్సిన శక్తి 390 కిలోజౌళ్లకు పైనే. లీటరు చన్నీళ్లను మరిగించడానికి అందులో చాలినంత కన్నా ఎక్కువే ఉంది. వేగంగా దిగితే అందులో చాలా భాగం గాలి తీసుకుంటుంది. భయపడి మొదటి నుంచి చివరి దాకా బ్రేకు నొక్కిపట్టి నెమ్మదిగా దిగితే దాదాపు అంతా బ్రేకుల మీదే పడుతుంది. తిన్నని రోడ్డు మీద వదలండి, మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా, కొద్దిసేపు వేయండి, మలుపులోకి వెళ్లేలోపు వదలండి. ఆ వదిలిన సెకన్లలోనే అవి చల్లారతాయి. రోడ్డు తడిసి ఉన్నా, చూపు ఆనకపోయినా ఇది కుదరదు, అప్పుడు ప్రతి రెండు కిలోమీటర్లకూ ఆగండి.

ఇప్పుడు ప్యాడ్ విప్పి వెలుతురులో పట్టి చూడండి. గరుకుగా, మసగ్గా ఉండాల్సిన ముఖం అద్దంలా మెరుస్తుంటే అది కాలి గట్టిపడింది. చదునైన చోట 100 నంబరు గరుకు కాగితం పరిచి, మెరుపు పోయేదాకా రుద్దండి. రోటర్‌ను, అంటే ప్యాడ్లు పట్టే లోహపు పలకను, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, దాని మందం కూడా కొలవండి. కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది, చాలావాటికి 1.5 మిల్లీమీటర్లు. తర్వాత గంటకు 20 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగానికి, చక్రం లాక్ కాకుండా, ఓ ఇరవైసార్లు బ్రేకు వేస్తే పట్టు తిరిగొస్తుంది. హైడ్రాలిక్ బ్రేకు లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తే లోపలి ద్రవం మరిగి ఆవిరైందన్నమాట. చల్లారాక బాగైనట్టే ఉంటుంది, అయినా ద్రవం మార్చకుండా మళ్లీ ఘాట్ దిగవద్దు. రిమ్ బ్రేకులుంటే ప్రమాదం ట్యూబ్‌ది: రిమ్ వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, పాత పంక్చర్ అతుకు జిగురు మెత్తబడుతుంది.

ప్రశ్న: ఎండాకాలంలో నీళ్లు తగ్గితే మునిగిన పాత రోడ్డు బయటపడుతుంది. దాని మీద తొక్కవచ్చా? నది ఒడ్డున గుడారం వేయవచ్చా?

జవాబు: రెండూ వద్దు. పాత రోడ్డు మీద ఏళ్ల తరబడి పేరుకున్న ఒండ్రు ఉంటుంది. పైన ఎండి నెర్రెలిచ్చిన పెంకు, కింద జిగట బురద. మనిషి నడిస్తే ఆగిన పెంకు సన్నటి టైరు కింద పగులుతుంది, చక్రం ఇరుసు దాకా దిగిపోవచ్చు. ఆనకట్ట దిగువన ఇసుక దిబ్బ ఎంత పొడిగా ఉన్నా పడుకోవద్దు. విద్యుత్తు అవసరం పెరిగి టర్బైన్లు తిప్పితే చాలు, వాన చినుకు లేకుండానే నది పెరుగుతుంది. సైరన్ మోగితే సామాను సర్దకండి, పైకి నడవండి.

తాగునీటి సంగతి కూడా చెప్పాలి. నిలవనీటి మీద ఆకుపచ్చ రంగు ఒలికినట్టు తెట్టు కనబడితే అది విషం చిమ్మే నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఆ విషం పోదు. పైన పారే వాగు నీళ్లు పట్టుకుని మరిగించుకోండి, లేదా ఊళ్లో నింపుకోండి. ఎక్కుడులో గంటకు ముప్పావు లీటరు చొప్పున లెక్కేసుకుంటే సరిపోతుంది, ఎండ ముదిరితే లీటరు.