నెట్ లేని రోజుల అడుగుల లెక్క పోతుందా?

నమస్తే అండీ. మీ నాన్నగారు వారంలో నాలుగైదు రోజులు సిగ్నల్ అందని పొలం దగ్గరే ఉంటారనీ, ఆ రోజుల లెక్క ఆయన చేతికి కట్టుకునే ఫిట్‌బిట్ బ్యాండ్‌లో పోతుందేమోననీ అడిగారు కదా. పోదండీ, దిగులు పడకండి.

అడుగులు, గుండె వేగం, నిద్ర లెక్కగట్టేది చేతికున్న బ్యాండే. ఆ పనికి నెట్ అక్కర్లేదు, ఫోన్ కూడా పక్కన ఉండక్కర్లేదు. ఫిట్‌బిట్ నిమిషం నిమిషం వివరాలను 7 రోజులు, రోజువారీ మొత్తాలను 30 రోజులు తనలోనే దాచుకుంటుంది. కాబట్టి వారం దాటకుండా ఒక్కసారి సింక్ చేయించండి, అంటే బ్యాండ్‌లోని లెక్కను ఫోన్‌లోని యాప్‌కి ఎక్కించండి. ఛార్జింగ్ మాత్రం చూసుకోమనండి, బ్యాండ్ ఆగిపోతే ఆ సమయానికి లెక్కే ఉండదు.

బ్యాండ్‌కీ ఫోన్‌కీ మధ్య నడిచేది బ్లూటూత్. అయితే ఫిట్‌బిట్ యాప్ ఆ డేటాను సర్వర్‌కి పంపాలి, అందుకే సింక్‌కి నెట్ కావాలి. గార్మిన్ వాచీల యాప్ గార్మిన్ కనెక్ట్ కూడా అంతే.

మా అమ్మ ఊరి నుంచి ఆదివారం సాయంత్రం వస్తుంది. వైఫై అందగానే బ్లూటూత్ ఆన్ చేసి, యాప్ తెరిచి, స్క్రీన్‌ని వేలితో కిందికి లాగుతాను. కాసేపటికి ఐదు రోజుల గీతలూ వరసగా లేస్తాయి. అది చూడ్డానికి అమ్మ చెప్పులైనా విప్పకుండా నా పక్కనే నిలబడుతుంది!

అసలు నెట్టే వద్దనుకుంటే, ఆండ్రాయిడ్‌లో గాడ్జెట్‌బ్రిడ్జ్ అనే ఉచిత యాప్ ఉంది. ఇలాంటివే వేరే కంపెనీల బ్యాండ్‌లు, వాచీలు, అంటే చాలా ఎంఐ బ్యాండ్‌లు, అమేజ్‌ఫిట్‌లు దాంతో నడుస్తాయి. వాటిలో కొత్త మోడళ్లకు మొదట్లో ఒకసారి నెట్ మీద కీ (బ్యాండ్‌ని యాప్‌తో కలిపే రహస్య కోడ్) తెచ్చుకోవాలి, ఆ తర్వాత అంతా ఫోన్‌లోనే.