నెట్ లైన్లో దూరే కరెంటు గోల గురించి

బాబూ,

ఆశీస్సులు. సాయంత్రమయ్యేసరికి మోడెమ్ మీద డీఎస్‌ఎల్ (ఫోను తీగ మీద వచ్చే నెట్) లైటు ఆరిపోయి ఆరిపోయి వెలుగుతోందనీ, కంపెనీ మనిషి వచ్చి చూసే వేళకు అంతా చక్కగా ఉంటోందనీ రాశావు. కొత్త మోడెమ్ కొనమంటారా అని అడిగావు. ఇప్పుడే కొనకు. వేళకు పాడై వేళకు బాగయ్యే లైనంటే నాకు మొదట అనుమానం వచ్చేది మోడెమ్ మీద కాదు, ఆ వేళకు దగ్గర్లో నడుస్తున్న కరెంటు సామాను మీద. అందుకని ఎక్కడ అని వెతకబోయే ముందు ఎప్పుడు అన్నది తేల్చుకో.

రాగి తీగ మీద వచ్చే నెట్‌కి ఈ బెడద ఎందుకో చెబుతాను. ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్ అనే రకం డీఎస్‌ఎల్ సిగ్నల్ సుమారు 2.2 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది. మీడియం వేవ్ రేడియో కూడా ఆ పరిధిలోదే. ఇంకా వేగమైన రకం వీడీఎస్‌ఎల్ అయితే 17 మెగాహెర్ట్జ్, కొన్నిచోట్ల 30 దాకా కూడా వెళ్తుంది. ఎల్‌ఈడీ బల్బులోని డ్రైవరు, ఛార్జరు, టీవీ లోపలి పవర్ సప్లై కరెంటుని సెకనుకి వేలసార్లు ఆపుతూ వదులుతూ పనిచేస్తాయి. లోపల ఫిల్టరు సరిగా లేకపోతే దానివల్ల పుట్టే రేడియో గోల బయటికి చిమ్ముతుంది, ఫోను తీగ దాన్ని యాంటెనాలా పట్టేస్తుంది.

మొదట ల్యాండ్‌లైన్ రిసీవరు ఎత్తి, ఏదో ఒక అంకె నొక్కి, ఆ నిశ్శబ్దంలో చెవి పెట్టి విను. కరకరలాడుతుంటే అది జాయింటు లోపం, తడి చేరిన తీగ. బయటి గోలతో దానికి పనిలేదు, నేరుగా ఫిర్యాదు రాయి. శుభ్రంగా ఉంటేనే మిగతావి చూడు. ఇక వైఫై సంగతి: లైను లైటే ఆరుతోంది కాబట్టి నీ చిక్కు వైఫైది కాదు, అటువైపు వెళ్ళి కాలం పాడు చేసుకోకు.

తర్వాత మోడెమ్ సెట్టింగుల పేజీ తెరిచి, డౌన్‌స్ట్రీమ్ (నీవైపు వచ్చే) ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్ ఎంతుందో, సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయిన డేటా లెక్క) ఎంత పెరిగాయో టైముతో సహా ఒక కాగితం మీద రాసుకుంటూ పో. గోల ఇంకా ఎంత పెరిగితే లింకు తట్టుకోగలదో ఆ మార్జిన్ చెబుతుంది. చాలా లైన్లను 6 డీబీ (డెసిబెల్) దగ్గర పెడతారు. ఒకటికో సున్నాకో దిగితే లింకు తెగుతుంది. ఒక్క జాగ్రత్త: పొద్దుగుంకాక దూరపు మీడియం వేవ్ స్టేషన్లు బలంగా అందుతాయి కాబట్టి ఏ ఇంట్లోనైనా మార్జిన్ మెల్లగా కాస్త తగ్గుతుంది. అది సహజం. నువ్వు చూడాల్సింది ఒక్కసారిగా కిందికి పడటం. 7 గంటలకి 6 డీబీ ఉన్నది 7:02కి 2 డీబీ అయిందంటే, ఆ రెండు నిమిషాల్లో ఎవరో ఏదో స్విచ్చి వేశారు.

ఇక నాకు అన్నిటికంటే నమ్మకమైన పనిముట్టు బ్యాటరీతో నడిచే చిన్న రేడియో. మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట పెట్టి సౌండ్ పెంచు. మామూలుగా అయితే సన్నటి సర్ర్ మంటుంది. దోషం ఉన్న వస్తువు దగ్గరికి తీసుకెళ్తే బర్ర్ మని గరుకుగా మోగుతుంది. 50 హెర్ట్జ్ కరెంటులో ఆ దెబ్బలు తరచూ సెకనుకి వందసార్లు పడతాయి కాబట్టే ఆ బొంగురు గొంతు. రేడియోని అటూ ఇటూ తిప్పి చూడు. లోపల ఉండే ఫెరైట్ కడ్డీ కొస గోల వచ్చే వైపుకి తిరిగితే శబ్దం బాగా తగ్గుతుంది, అడ్డంగా ఉంటే పెరుగుతుంది. అలా రెండు మూడు చోట్ల నిలబడి దిక్కు చూసుకుంటే ఏ గదిలోంచి వస్తోందో తెలిసిపోతుంది. ముందు మోడెమ్ అడాప్టరు దగ్గరే పెట్టి విను. కెపాసిటర్లు ఎండిన పాత అడాప్టరు పక్కనున్న లైనునే పాడుచేస్తుంది. మారిస్తే వోల్టేజీ, ప్లస్ మైనస్‌లు అవే ఉండాలి, ఆంపియర్లు తగ్గకూడదు.

రేడియోతో తేలకపోతే మోడెమ్‌ని బ్యాటరీ మీద నడిపి, లైను చెడి ఉన్న వేళలోనే ఇంటి మెయిన్ ఆపు. మార్జిన్ లేచిందా, దోషి ఇంట్లోనే ఉంది. ఒక్కో బ్రేకరే వేసుకుంటూ, ప్రతిసారీ కాసేపు ఆగి చూడు. రెండు ఒకేసారి వేయకు, ఏది కారణమో తెలియకుండా పోతుంది. లేవలేదంటే గోల బయటిది కావచ్చు, లేదా ఆ బ్యాటరీ పెట్టెదే కావచ్చు. వాటిలోనూ గోల చేసే సర్క్యూట్లు ఉంటాయి, రేడియో దానికీ చూపించు.

ఒక్క పని మాత్రం ఫలితం ఎలా ఉన్నా చెయ్యి. గోడ మీది ఫోను పెట్టె నుంచి మోడెమ్‌కి వెళ్ళే చదునైన తీగ తీసేసి, మెలితిప్పిన జతతో చేసిన పొట్టి తీగ వెయ్యి. రెండు తీగలూ మెలిపడి ఉంటే గోల రెండింటి మీదా ఒకేలా పడి చాలావరకు కొట్టుకుపోతుంది. ఆ తీగని కరెంటు వైర్ల పక్కన, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదుగా పోనివ్వకు. తీగకి తొడిగే ఫెరైట్ పూసలు కొంత సాయపడతాయి గానీ వాటి మీద ఆశ పెట్టుకోకు. ఉరుములు మెరుపులప్పుడు లైను ముట్టుకోకు. స్విచ్చి బోర్డు విప్పే పని ఎలక్ట్రీషియన్‌కి వదిలెయ్.

గోల పక్కింటి నుంచి వస్తోందనిపిస్తే రేడియో తీసుకెళ్ళి వాళ్ళకే వినిపించు. తప్పు వాళ్ళది అన్నట్టు మాట్లాడకు, పాపం ఆ బల్బు అలా చేస్తోందని వాళ్ళకి తెలియదు. వీధిలో ఏదైనా కారణమైతే కంపెనీకి నీ కాగితం ఫోటో పంపి, ఆ సాయంత్రపు వేళకే మనిషిని పంపమని అడుగు. ఈలోగా ప్రొఫైల్‌లో (నీ లైనుకి వాళ్ళు పెట్టే సెట్టింగుల్లో) మార్జిన్ 9 డీబీకి పెంచి, ఇంటర్‌లీవింగ్ (డేటాని చెదరగొట్టి పంపి, చెడినదాన్ని సరిదిద్దుకునే పద్ధతి) పెట్టమను. వేగం కొంత తగ్గుతుంది గానీ లైను నిలబడుతుంది. ఆ కాగితం నాకూ ఒకటి పంపు, చూసి చెబుతాను.

మీ పెదనాన్న