దసరాకి ఒక్క బీరే కదా అన్నారు, పిల్లాడు ఎంత లేపినా లేవలేదు

ప్రశ్న: మా బాబుకి 16 ఏళ్ళు, ఇంటర్ ఫస్టియర్, హాస్టల్లో ఉంటాడు. దసరాకి ఇంటికొస్తే దావత్‌లో మా తమ్ముడు వాడికి స్ట్రాంగ్ బీరు తాగించాడు. రాత్రి రెండుసార్లు వాంతి చేసుకుని పడిపోయాడు, ఎంత లేపినా లేవలేదు. నిమ్మరసం, మజ్జిగ పట్టాం. పొద్దున తలనొప్పి అంటే పారాసెటమాల్ ఇచ్చాను. హాస్టల్లో కూడా రెండుమూడు సార్లు తాగాడట. మావారేమో మగపిల్లాడు, ఒక్క బీరే కదా అంటున్నారు. ఫోన్లో ఒక పొడి యాడ్ చూశాను, తెలియకుండా కూరలో కలిపి పెడితే మానేస్తారట. సైడ్ ఎఫెక్ట్స్ ఏమైనా ఉంటాయా? (ఒక తల్లి, కరీంనగర్ జిల్లా)

జవాబు: అమ్మా, పొడి సంగతి తర్వాత చెప్తాను. నన్ను భయపెట్టింది 'ఎంత లేపినా లేవలేదు' అన్న మాట. లేవని పిల్లాడికి మజ్జిగ పట్టారు, అది గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి పోయుంటే ఇవాళ ఈ ఉత్తరం రాసేవాళ్ళు కాదు. నిమ్మరసం, మజ్జిగ, కాఫీ ఏవీ తాగింది దించవు, లివర్ తన టైం తను తీసుకుంటుంది. పైగా తాగడం ఆపాక కూడా కొంతసేపు రక్తంలో ఆల్కహాల్ పెరుగుతూనే ఉంటుంది, 'పడుకున్నాడులే' అనుకోవడం అందుకే ప్రమాదం. ఇంకోసారి ఇలా జరిగితే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పోయొద్దు, ఒంటరిగా వదలొద్దు. పిలిస్తే పలక్కపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, ఒళ్ళు చల్లబడినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని తెల్లారేదాకా చూడొద్దు, అలా ఆలస్యంగా వచ్చిన కేసులు నేను చూశాను. పిల్లల్లో షుగర్ కూడా పడిపోవచ్చు, ఎక్కడైనా పడి తలకి దెబ్బ తగిలినా చూసేవాళ్ళకి తాగినట్టే కనిపిస్తుంది.

ఒక్క బీరే అంటున్న మీవారికి ఈ లెక్క చూపించండి. 650 ఎంఎల్ స్ట్రాంగ్ బీరు 8 శాతం ఉంటే అందులో 52 ఎంఎల్ ఆల్కహాల్, అంటే 30 ఎంఎల్ విస్కీ పెగ్గులు నాలుగింటితో సమానం. 16 ఏళ్ళ పిల్లాడు, అలవాటు లేని ఒళ్ళు, మెదడు పాతికేళ్ళ దాకా ఎదుగుతూనే ఉంటుంది. చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్ళు బానిసలయ్యే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు పొడి. కొనకండి, కొంటే పెట్టకండి. అందులో ఏముందో మీకూ తెలీదు నాకూ తెలీదు. డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే మందు) లాంటిది కలిపి ఉండి, వాడు అది తెలీక తాగితే, మొహం ఎర్రబడి, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు, ఆపేసిన రెండు వారాల దాకా కూడా ఆ రియాక్షన్ వచ్చే వీలుంది. ఆ మందు మేం పెద్దవాళ్ళకి కూడా టెస్టులు చేసి, చెప్పి, ఒప్పించి మాత్రమే ఇస్తాం, దొంగచాటుగా అస్సలు ఇవ్వం. ఇంకోటి, వాడికి ఎప్పటికైనా తెలుస్తుంది, అమ్మ పెట్టిన అన్నం మీద నమ్మకం పోతే ఇక మీ మాట వింటాడా? తాగిన మర్నాడు పారాసెటమాల్ కూడా డాక్టర్‌ని అడక్కుండా వేయకండి, లివర్ మీద భారం.

తమ్ముడితో మీరే మాట్లాడాలి, మెత్తగా కాదు. తెలంగాణలో అయినా ఆంధ్రాలో అయినా 21 నిండనివాళ్ళకి మందు అమ్మకూడదు. 18 లోపు పిల్లలకి పోస్తే జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 సెక్షన్ 77 కింద 7 ఏళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంది. కేసు పెట్టమని కాదు, మేనమామ సరదా ఎంత దూరం పోతుందో తెలియాలని. దావత్‌లో పిల్లల చేతికి గ్లాసు రావద్దని ఇంట్లో మగవాళ్ళంతా కలిసి అనుకోండి. ఊళ్ళో బెల్టు షాపు పిల్లలకి ఇస్తుంటే మీ సంఘం ఆడవాళ్ళు నలుగురూ వెళ్ళి అడగండి, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద మొదలుపెట్టిన పోరాటమే తర్వాత సారా నిషేధం దాకా తెచ్చింది.

బాబుని మాత్రం తిట్టకుండా అడగండి, ఎవరితో తాగాడు, ఒంటరిగానా, నిద్ర ఎలా ఉంది, చదువు ఒత్తిడి ఉందా, గంజాయి, టాబ్లెట్లు, కల్లు ఏమైనా తీసుకున్నాడా అని. కల్తీ కల్లులో నిద్రమాత్రల మందు కలుపుతారు, అది రోజూ తాగి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, కాబట్టి దాచకుండా చెప్పమనండి. చూడకుండా ఇంతకంటే చెప్పలేను, దగ్గర్లోని సైకియాట్రిస్ట్‌కి ఈ వారంలోనే చూపించండి, ఈలోపు ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఫ్రీ. వెళ్ళేటప్పుడు మీవారిని కూడా తీసుకెళ్ళండి, పొడి ప్యాకెట్ ఇప్పటికే తెప్పించి ఉంటే అదీ పట్టుకెళ్ళి డాక్టర్‌కి చూపించండి.