పులి కనపడుతుందా సార్?

సెలవులొస్తున్నాయంటే సఫారీ ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం మన రాయలసీమ జిల్లాల నుంచే, అడిగిందీ దాదాపు ఒకటే. కొన్నిటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: మేం ఐదుగురం. పిల్లలకు ఎనిమిది, పన్నెండేళ్ళు. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. దసరాకు సఫారీకి పోదామని పిల్లలు పట్టుబట్టారు. పక్కనే నల్లమల ఉండగా కర్ణాటక దాకా ఎందుకని మా ఆయన అంటారు. డబ్బు పెట్టేదేదో ఏనుగులు, పులులు కనపడేచోటే పెడదామని నేనంటాను. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఏనుగే కావాలంటే మీ మాటే గెలిచిందమ్మా, ఎందుకంటే నల్లమలలో ఏనుగులు లేవు. పులి విషయంలో కూడా లెక్క మీ వైపే ఉంది. 2022 గణనలో కర్ణాటకలోని బండీపూర్ టైగర్ రిజర్వులో 150, దాన్ని ఆనుకుని ఉన్న నాగరహొళెలో 141 పులులు తేలాయి, మన ఆంధ్రప్రదేశ్ మొత్తానికి వచ్చింది 63. మన నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వేమో విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది, మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. అంత అడవిలో కొద్దిపాటి పులులు, మన జీపు తిరిగేది అందులో ఏదో ఒక మూల నాలుగు దారుల్లో. ఎదురుపడితే అదృష్టమే.

ఇక మీ ఆయన మాట. నల్లమలలో సఫారీ ఉన్న బైర్లూటి ఆత్మకూరు దాటగానే వస్తుంది, కర్నూలు నుంచి రెండు గంటల లోపే. అటవీ శాఖ వాళ్ళ బస ఉంది, జీపులున్నాయి, ఆ అడవిలోనే పుట్టి పెరిగిన చెంచులు అక్కడ పని చేస్తారు. వాళ్ళలో ఒకరు మీ జీపులో ఎక్కితే అదే సగం సఫారీ. ఏ చెట్టు బెరడు మీద ఎలుగుబంటి గోళ్ళ గీతలున్నాయో, ఏ పేడ ఎప్పటిదో మనకు తెలియదు, వాళ్ళకు నడుస్తూనే తెలిసిపోతుంది. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే దారిలో పచ్చర్ల, శ్రీశైలం దారిలో తుమ్మలబైలు కూడా ఉన్నాయి. శ్రీశైలం దర్శనానికి పోయేవాళ్ళు తుమ్మలబైలులో ఒక రౌండ్ కొట్టి వస్తుంటారు, తప్పులేదు గానీ మధ్యాహ్నం ఎండలో పోయి కోతులు తప్ప ఏమీ లేవని తిట్టుకుంటే ఎవరేం చేస్తారు?

ఇక్కడే ఒక మాట. శివరాత్రికి ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెర్వు మీదుగా మన తాతలు, ముత్తాతలు మల్లన్న దగ్గరికి నడిచిపోయింది ఈ అడవిలోంచే. ఉగాదికి కన్నడ భక్తులు ఇప్పటికీ నడుస్తారు. కాబట్టి నల్లమల అంటే పెద్దావిడ దగ్గర కథలుండొచ్చు, పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పించండి.

అసలు చిక్కల్లా దసరాతోనే. వానాకాలంలో జూలై నుంచి సెప్టెంబరు చివరి దాకా నల్లమలలో సఫారీ మూసేస్తారు. అక్టోబరులో తెరిచేసరికి అడవి పచ్చగా, ఒత్తుగా ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది, కానీ పది అడుగుల అవతల ఏముందో కనపడదు. పైగా ప్రతి వాగులో నీళ్ళుంటాయి గనక జంతువులు ఒకచోటికి రావాల్సిన పని లేదు. ఫిబ్రవరి దాటాక ఆకు రాలుతుంది, వాగులు ఎండుతాయి, అటవీ శాఖ వాళ్ళు సాసర్ పిట్లు అని సిమెంటు తొట్లు కట్టి ట్యాంకర్లతో నింపుతారు, జంతువులు అక్కడికి చేరతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మన ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు, కానీ జంతువులు చూడాలంటే అదే సమయం. కర్ణాటకలో నాగరహొళె అడవి అంచునున్న కబిని కూడా అంతే. ఏప్రిల్, మే నెలల్లో కబిని జలాశయం నీళ్ళు వెనక్కి తగ్గి ఆ బురద నేలలో పచ్చగడ్డి మొలుస్తుంది, దాని కోసం ఏనుగుల మందలు దిగుతాయి.

అందుకని నేనైతే ఈ దసరాకు బైర్లూటిలో ఒక రాత్రి, పులి ఊసెత్తకుండా, పిల్లలకు అడవి అలవాటు చేయడానికి. ఏనుగుల కోసం వేసవిలో కబిని. అక్కడ పడవ సఫారీ ఉంది, అత్తగారి మోకాళ్ళకు జీపు కుదుపుల కన్నా అదే మేలు. ఒక జాగ్రత్త: ఆ వైపు పల్లెల్లో పులుల దాడుల్లో మనుషులు చనిపోయాక 2025 నవంబరులో బండీపూర్, నాగరహొళెల్లో సఫారీలు ఆపేశారు. ఇలాంటి నిర్ణయాలు ఎప్పుడైనా రావచ్చు. గది బుక్ చేసేముందు సఫారీ నడుస్తోందో లేదో అటవీ శాఖ వాళ్ళనే అడగండి, మధ్యలో ఏజెంట్ చెప్పేది నమ్మొద్దు.

ప్రశ్న: రెండుసార్లు సఫారీకి పోయాను, పులి లేదు, చిరుత లేదు, దుప్పులు మాత్రం కావలసినన్ని. గైడ్‌కు విడిగా డబ్బులిస్తే చూపిస్తాడని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: గైడ్‌కు డబ్బులిస్తే గైడ్ సంతోషిస్తాడు. పులికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

దుప్పులు 'మాత్రం' అన్నారే, పులిని పట్టిచ్చేది అవే. చుక్కల దుప్పుల మంద మేస్తున్నప్పుడు జీపు ఆపించండి. చెట్టు మీద కొండముచ్చులు ఆకులు తెంపి పడేస్తుంటాయి, కింద దుప్పులు ఏరుకు తింటుంటాయి, పై వాటికి దూరం కనపడుతుంది, కింది వాటికి వాసన తగులుతుంది, ఇద్దరికీ లాభం. ఏదైనా తేడా వస్తే కొండముచ్చు గొంతు పగిలేలా దగ్గినట్టు అరుస్తుంది. దుప్పి తోక నిక్కబొడిచి, కాలు నేలకేసి కొట్టి కూత పెడుతుంది. ఈ రెండూ ఒక్కోసారి ఉత్త పుణ్యానికే బెదిరిపోతుంటాయి, గద్ద నీడ పడినా చాలు. కణితి, అంటే పెద్ద సాంబర్ దుప్పి, అలా కాదు. అది మోటారు హారన్ కొట్టినట్టు గట్టిగా ఒక్కటిస్తుంది, అదీ మళ్ళీ మళ్ళీ ఇచ్చిందంటే గైడ్ మొహం మారిపోవడం మీరే చూస్తారు. అప్పుడు ఇంజను ఆపి, నోరు మూసుకుని, పది నిమిషాలు, అవసరమైతే అరగంట కూర్చోవాలి. మనవాళ్ళతో వచ్చిన చిక్కు ఇక్కడే. రెండు నిమిషాలు కాగానే వెనక సీట్లోంచి "పోనీ బాబూ, ఇంకో చోటికి పోదాం" అని మొదలవుతుంది.

పొద్దున మొదటి ట్రిప్పుకే పొండి. పులి కూడా ముళ్ళూ రాళ్ళూ ఎందుకని జీపు బాటల మీదే నడుస్తుంది, రాత్రి పడ్డ అడుగులు దుమ్ములో చెదరకుండా ఉంటాయి. రెండో జీపు పోయిందంటే టైరు గుర్తులే మిగులుతాయి. ఇన్ని చేసినా కనపడకపోవచ్చు. టికెట్ డబ్బులు పులికే కట్టానని అనుకునేవాళ్ళు జూకు పోవడం నయం, ఇది కోపంగా చెప్పడం లేదు.

ప్రశ్న: రాత్రి పూట దోర్నాల అడవిలో సొంత కారులో పోతే జంతువులు బాగా కనపడతాయంటారు. గేటు దగ్గర మాట్లాడుకుంటే వదులుతారా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ఆత్మకూరు–దోర్నాల రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేసేది జంతువులు మీ కారు కింద పడకుండా ఉండాలనే. అది రోడ్డు, సఫారీ ట్రాక్ కాదు. మాట్లాడుకోవడాలు వద్దు. పగలు పోయినా మధ్యలో ఆపి కోతులకు అరటిపళ్ళు, చిప్స్ వేయకండి, తిండి కోసం రోడ్డు మీదికొచ్చి చక్రాల కింద పడేవి అవే.

ప్రశ్న: మా జిల్లాలో కలివికోడి ఉందని చిన్నప్పుడు పాఠంలో చదివాను. దాన్ని చూపించే సఫారీ ఉందా?
– ఒక పాఠకురాలు, బద్వేలు

జవాబు: లేదు, ఉండకపోవడమే మంచిది. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు ఈ పక్షిని వెలుగులోకి తెచ్చాడు. 1900 తర్వాత ఎవరికీ కనపడకపోయేసరికి అంతరించిందనే అనుకున్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు మీ జిల్లాలోనే మళ్ళీ కనుక్కున్నారు, అదీ ఊళ్ళో వేటగాళ్ళకు ఈ పిట్ట ముందే తెలుసు గనక. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాల్వ దారి కూడా మార్చాల్సి వచ్చింది. పగలంతా పొదల్లో దాక్కుని రాత్రి తిరిగే పక్షి, మనిషి అలికిడికి చప్పున నక్కుతుంది. పెద్ద చెట్లుండే అడవి దానికి పనికిరాదు, అక్కడక్కడా పొదలు, మధ్యలో ఖాళీ నేల ఉండాలి. బీడు భూమి, ఎందుకూ పనికిరాదని మనం చదును చేసేది సరిగ్గా అలాంటి నేలనే.

అయినా చూసొద్దామని టార్చిలైటు పట్టుకుని రాత్రి లంకమలలో దూరారనుకోండి, అది ఎర్రచందనం అడవి, మిమ్మల్ని చూసేవాళ్ళకు మీరు పక్షి కోసం వచ్చారని తట్టదు. దుంగల కేసులో స్టేషన్‌కు పోతారు. పగటిపూట సిద్ధవటం వైపు నుంచి నిత్యపూజకోనకు పోయి రండి, కొండా కోనా తీరిగ్గా చూడొచ్చు.

ప్రశ్న: రోళ్ళపాడులో ఇప్పుడు చూడ్డానికి ఏమైనా మిగిలిందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: బట్టమేక పక్షి కోసమైతే పోవద్దు. దాని కోసమే 1988లో అభయారణ్యం చేశారు, ఒకప్పుడు అక్కడ గుంపులుగా తిరిగేది, ఇప్పుడు దాని ఫొటో ఉన్న బోర్డులే కనపడతాయి. చుట్టూ గడ్డి నేలలు సాగులోకి పోయాయి, కరెంటు తీగలొచ్చాయి, పక్షేమో పెద్దది, ముందున్న తీగ దానికి సరిగా కనపడదు.

కృష్ణజింకలు మాత్రం బాగా ఉన్నాయి, ఎంత బాగా అంటే చుట్టుపక్కల రైతులు వాటితో పడలేకపోతున్నారు. శనగ చేలో రాత్రంతా కాపలా కాసిన మనిషి ముందు "ఎంత అందంగా ఉన్నాయో" అనకండి. చలికాలంలో సాయంత్రం పోతే వలస వచ్చిన గడ్డి గద్దలు రాత్రి బసకు గడ్డిలోకి దిగడం చూడొచ్చు. నందికొట్కూరు వైపు పోయి ఒక్క పూటలో తిరిగి రావచ్చు, గది అక్కర్లేదు. నా లెక్కలో కర్నూలు వాళ్ళు మొదట చూడాల్సింది ఇదే, కానీ పులి లేదనగానే పెదవి విరుస్తారు.

ప్రశ్న: సఫారీకి ఖాకీ, పచ్చ బట్టలే వేసుకోవాలా? సెంటు పూసుకోకూడదా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: జింకలకు మనలాగా అన్ని రంగులూ తెలియవు. పులి ఒంటి మీది నారింజ రంగు వాటికి ఆకుపచ్చగానే కనిపిస్తుందట, పులి బతుకు గడిచేది ఆ ధైర్యంతోనే. తెల్ల బట్టలు మాత్రం వద్దు, దూరానికే మెరుస్తాయి. సెంటు కన్నా నోరు పెద్ద సమస్య, ఫోన్ రింగ్‌టోన్ ఇంకా పెద్దది. పొద్దున జీపులో చలి బాగా ఉంటుంది, స్వెటర్ పెట్టుకోండి. పులిహోర, బిర్యానీ డబ్బాలు బసలోనే వదిలేయండి, నీళ్ళ సీసా చాలు, ఖాళీ సీసా మళ్ళీ మీతోనే రావాలి. బట్టలు ఇంట్లో ఉన్నవే చాలు, కొత్తగా కొనొద్దు, ఎర్ర దుమ్ము పడితే ఉతికినా పోదు.