కీమో అయ్యాక నీరసానికి రెస్ట్ ఒక్కటే చాలదు

క్యాన్సర్‌కి కీమో ముగిసి మూడు నెలలైనా నాలుగు బట్టలు మడతపెడితే పడుకోవాల్సి వస్తోందని, వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయని, ఇంట్లోవాళ్లేమో "అంతా అయిపోయిందిగా" అంటున్నారని రాశారు. మీది బద్ధకం కాదండీ. ఈ నీరసం చాలామందికి నెలల తరబడి ఉంటుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఎంత నిద్రపోయినా తీరదు.

ముందు డాక్టర్ని అడిగి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. తేడా ఉంటే రెండింటికీ చికిత్స ఉంది. అవి బాగుంటే, వినడానికి విడ్డూరంగా అనిపించినా, బాగా పనిచేసేది నడకే. డాక్టర్ సరేనంటే రోజూ ఐదు, పది నిమిషాలతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచండి. కాస్త ఓపిక వచ్చిందని ఆ రోజే పనులన్నీ నెత్తినేసుకోకండి, మర్నాడు మంచం దిగలేరు.

తిమ్మిరి గురించి టెన్షన్ వద్దు గానీ జాగ్రత్త కావాలి. కొన్ని కీమో మందులకు నరాలు దెబ్బతింటాయి, నెమ్మదిగా కోలుకుంటాయి. అందరికీ పూర్తిగా తగ్గకపోవచ్చు. స్నానం నీళ్ల వేడి వేళ్లతో కాదు, మోచేత్తో చూడండి. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి, గాయమైనా తెలియదు.

ఆయాసం, కాళ్ల వాపు, జ్వరం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఈసారి చెకప్‌కి ఇంట్లోవాళ్లలో ఒకరిని వెంటబెట్టుకెళ్లండి, డాక్టర్ నోట వింటే నమ్ముతారు.