టెక్ సందేహాలు: ఫోనులో ఏడుగురు జగన్నాథాలు

ప్రశ్న: మాది పర్లాకిమిడి, చిన్న కిరాణా కొట్టు. నా ఫోనులో జగన్నాథం పేరుతో ఏడుగురున్నారు. పోయిన వారం బియ్యం వేసే జగన్నాథానికి పంపాల్సిన 4,500 రూపాయలు ఎప్పుడో ఫ్యాను బాగుచేసిన జగన్నాథానికి వెళ్లిపోయాయి. అడగాలంటే మొహమాటంగా ఉంది. ఏం చెయ్యాలి?

జవాబు: మొహమాటం పక్కనపెట్టి ఇవాళే ఫోన్ చెయ్యండి. యూపీఐలో డబ్బు ఒకసారి వెళ్లిపోతే దాన్ని రద్దు చేసే బటన్ ఉండదు. అవతలి మనిషి ఒప్పుకోకుండా బ్యాంకు కూడా ఆయన ఖాతాలోంచి తీసి మీకివ్వదు. వెళ్లింది తెలిసిన మనిషికే కాబట్టి నెమ్మదిగా చెప్పి చూడండి, చాలామంది ఇచ్చేస్తారు. చెల్లింపు స్క్రీన్‌షాట్ కూడా పంపండి. ఆయన ఫోన్ ఎత్తకపోతే యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి ఫిర్యాదు పెట్టండి. అందులో కనిపించే 12 అంకెల రిఫరెన్స్ నంబరు రాసుకుని బ్యాంకుకు వెళ్లండి. యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ వెబ్‌సైట్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు.

ఇక మళ్లీ జరగకుండా చూసుకోవడం. 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లన్నీ డబ్బు పంపేముందు బ్యాంకు ఖాతాలో ఉన్న అసలు పేరునే చూపించాలి. మీరు ఫోనులో ఏమని రాసుకున్నా ఆ స్క్రీన్ మీద అది రాదు. పిన్ కొట్టేముందు అక్కడ ఒక్క క్షణం ఆగండి. ఒడియావారికి ఇంటిపేరు చివర ఉంటుంది: పండా, పాత్రో, సాహు. మనవారికి ముందుంటుంది, చాలాసార్లు ఒక్క అక్షరంగా. అక్కడ కనిపించిన ఇంటిపేరును వెంటనే కాంటాక్ట్‌లో చేర్చేసుకోండి. కొత్తవారికైతే ముందు ఒక్క రూపాయి పంపి, అందిందని వాళ్ల నోటితో విన్నాకే మిగతాది పంపండి.

మీ ఊరికి ఇంకో చిక్కు కూడా ఉంది. మహేంద్రతనయ నదికి ఇవతల మీరు, అవతల ఆంధ్రలోని పాతపట్నం. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినా జగన్నాథుడి పేరు రెండు గట్ల మీదా పెడుతూనే ఉన్నారు. తెలుగింట జగన్నాథం, ఒడియా ఇంట జగన్నాథ్. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మనం ‘డీ హెచ్’ వేస్తాం, వాళ్లు ‘టీ హెచ్’ వేస్తారు. అందుకే పేరు మొత్తం కొట్టి వెతికితే సగం మందే వస్తారు. ‘జగన్నా’ వరకు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఆపండి, రెండు రకాలవాళ్లూ కనిపిస్తారు. కొందరిని తెలుగు లిపిలో, కొందరిని ఇంగ్లిష్‌లో సేవ్ చేసి ఉంటే ఏదో ఒక లిపికి మార్చెయ్యండి.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. మీరు ఇంట్లో ఏమంటారో ఫోనులోనూ అదే రాయండి. ‘బియ్యం జగన్నాథం’, ‘ఫ్యాన్ల జగన్నాథం’. వాళ్లను గౌరవంగానే పిలుస్తారు కదా, ఇందులో తక్కువ చేసిందేమీ లేదు. ‘జగన్నాథం 1’, ‘జగన్నాథం 2’ అని మాత్రం పెట్టకండి. నెల తిరిగేసరికి ఎవరు ఒకటో ఎవరు రెండో గుర్తుండదు.

ప్రశ్న: గుణుపురం నుంచి రాస్తున్నాను. మా మామయ్యగారి పేరే మా బాబుకు పెట్టాం. ఫోను రెండు కాంటాక్ట్‌లనూ ‘కలపమంటారా’ అని అడిగితే సరే అన్నాను. ఇప్పుడు బాబుకు చేసిన ఫోను మామయ్యగారికి వెళుతోంది.

జవాబు: టెన్షన్ పడకండమ్మా. గూగుల్ కాంటాక్ట్స్‌లో 30 రోజుల లోపైతే పాత స్థితికి వెళ్లవచ్చు. కంప్యూటర్‌లో కాంటాక్ట్స్ పేజీ తెరిచి, సెట్టింగ్స్‌లో మార్పులను రద్దు చేసే ఆప్షన్ నొక్కి, కలపకముందు రోజును ఎంచుకోండి. అయితే జాబితా మొత్తం ఆ రోజుకు వెళ్లిపోతుంది. ఆ తర్వాత చేర్చిన నంబర్లను ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. అంత అక్కర్లేదనుకుంటే కలిసిన కాంటాక్ట్‌లోంచి బాబు నంబరు తీసి వేరుగా సేవ్ చేసినా సరిపోతుంది.

ఫోనుకు పేరు ఒకటైతే మనిషీ ఒకడే అనిపిస్తుంది. మన ఇళ్లలో అలా కాదు. మామగారి పేరు కోడలు నోటితో అనదు కాబట్టి ఆ పేరు పెట్టిన పిల్లాడు ‘బాబు’ అవుతాడు, ‘నాయన’ అవుతాడు. నాదీ మా తాతగారి పేరే. మా అమ్మ ఫోనులో ఆ పేరు ఎక్కడా లేదు, నా నంబరు ‘చిన్నబాబు’ అని ఉంది. మీరూ బాబును పిలిచే పేరుతోనే సేవ్ చేసి, అసలు పేరును నిక్‌నేమ్ గడిలో రాయండి. వెతికితే అదీ దొరుకుతుంది, కలపమని ఫోను అడిగే అవసరమూ ఉండదు.

ప్రశ్న: బరంపురంలో ఉద్యోగం. మా ఆఫీసరూ, నా స్నేహితుడూ ఒకే పేరువాళ్లు. స్నేహితుడికి పెట్టాల్సిన వాట్సాప్ మెసేజ్ ఆఫీసరుకు వెళ్లింది.

జవాబు: పంపిన 15 నిమిషాల్లోపు ఎడిట్ చేయవచ్చు. రెండు రోజులు దాటి మరికొన్ని గంటల వరకు ‘అందరికీ డిలీట్’ చేయవచ్చు. కానీ డిలీట్ చేసిన గుర్తు ఆయనకు కనిపిస్తుంది, అప్పటికే చదివేసి ఉండవచ్చు కూడా. చదివేసి ఉంటే డిలీట్ చేయకండి, ‘సార్, పొరపాటున మీకొచ్చింది, క్షమించండి’ అని ఒక్క మాట రాయండి. తర్వాత ఆఫీసరు నంబరుకు పేరు ముందు ‘సార్’ అని చేర్చుకోండి. జాబితాలో ఆయన వేరే అక్షరం కిందకు వెళ్లిపోతారు, వేలు పొరపాటున తగలదు.